అజెండాలో తొమ్మిదో అంశం

యెర్రానింగ్ షైర్. షైరంటే
మన మండలం లాంటిదనుకోండి, ఎమ్మార్వో లేని మండలం.
పశ్చిమ ఆస్ట్రేలియాలో మూడు వేల ఎనిమిది వందల చదరపు కిలోమీటర్లు.
జనాభా నాలుగు వందల ఆరు.
మంగళవారం నుంచి నాలుగు వందల ఐదు,
పోస్టాఫీసావిడ ఆల్బనీకి బదిలీ అయింది గనక.

ఈ లెక్కలు రాసేది నేను.
కౌన్సిల్ మీటింగుల మినిట్స్ రాసేదీ నేనే.
కొత్తలో ఊరి పేరు విని
ఎర్ర నింగి అనుకున్నాను,
కోరలీ ఆంటీతో అనేశాను కూడా.
నవ్వింది. "మా మాటలో నింగి లేదమ్మాయ్, నీళ్ళున్నాయి."
ఎక్కడని అడిగితే
గ్రానైటు గుండు మీదికి ఎక్కించి
రాతిపలక మూసిన గుంట చూపించింది.
మోచెయ్యంత లోతు. లోపల చల్లగా, చీకటిగా, తియ్యగా.
ఆ గుంట మా మ్యాపులో లేదు.

మ్యాపులో ఉన్నవి:
తూర్పున కుందేళ్ళ కంచె,
పడమట రైలు రాని రైలుకట్ట,
నడుమ గోధుమ, గోధుమ, ఇంకా గోధుమ,
దక్షిణాన ఉప్పు చెరువు.
పక్క షైరుకీ మాకూ పొలిమేర
ఎవరో స్కేలు పెట్టి గీసిన గీత,
చెరువు నడిమధ్య నుంచి పోతుంది.
ఎండాకాలం దాని వెంట నడవచ్చు,
కుడికాలు వాళ్ళ పన్నులో
ఎడంకాలు మా పన్నులో.

వీళ్ళ తాతలు చెట్లు నరికారు.
నరకమన్నది గవర్నమెంటే,
నరకనివాడికి పట్టా లేదంది.
తాగే వేళ్ళు పోయాక
అడుగునున్న నీళ్ళు పైకి లేచాయి,
ఉప్పు నెత్తికెత్తుకుని.
చెరువు ఏ మీటింగుకీ రాదు,
చెయ్యెత్తదు, సంతకం పెట్టదు,
ఏటా నాలుగడుగుల పొలం కలుపుకుంటుంది.
ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదంటాం.
ఇక్కడ తిన్నది నేల,
తాగబోతే నీళ్ళే ఉప్పు.

తొమ్మిదో అంశం: పదిహేడో నంబరు రోడ్డు మూసివేత.
పద్నాలుగు కిలోమీటర్ల కంకర.
ఏడాదికి రెండుసార్లు గ్రేడరు తోలాలి.
ఆ చివర ఒక్కటే ఇల్లు: మెర్విన్ టాంకిన్, అతని గొర్రెలు,
స్కూలు బస్సెక్కే ఓ పిల్ల.
ఖర్చు చదివాను. ఎవరూ దగ్గలేదు కూడా.

ఏడుగురు సభ్యుల్లో ఒకాయనకి ఆ రోడ్డు పక్కన భూమి ఉంది,
నియమం ప్రకారం లేచి వరండాలోకి వెళ్ళాడు.
కిటికీ అద్దంలో అతని సిగరెట్టు
వెలుగుతూ, ఆగుతూ.
మూయమని ముగ్గురు. వద్దని ముగ్గురు.
మూయమన్న ముగ్గురిలో అధ్యక్షురాలు ఐలీన్ గార్ట్రెల్ ఒకరు.
సమానమైతే ఆవిడదే ఇంకో ఓటు.

ఆవిడ కళ్ళద్దాలు తీసింది.
గుమ్మంలో టోపీ చేత పట్టుకుని నిలబడ్డ
గ్రేడరు డ్రైవరు డెస్ వైపు చూసింది.
"ఆ రోడ్డు మళ్ళీ ఎప్పుడు చెయ్యాలి?"
"నిన్న చేసేశానండీ," అన్నాడు,
"ఇవాళ మూసేస్తారేమోనని."

గది గదంతా నవ్వు. ఆవిడ నవ్వలేదు.
రెండో ఓటు
తన మొదటి ఓటుకి ఎదురు వేసింది.

నేను రాసింది ఇంతే:
తీర్మానం వీగిపోయింది, ఏడూ యాభై రెండు.

శనివారం ఆ దారిన వెళ్ళాను.
దువ్విన తలలా ఉంది కంకర.
పక్కనంతా తెలుపు, చచ్చిన చెట్ల మోళ్ళు
మోకాళ్ళ దాకా అందులో.
ఆరో కిలోమీటరు దగ్గర
రోడ్డు చిన్నగా ఎడమకి తిరిగింది.
తిరగకూడదు. మా రికార్డులో అది తిన్నని గీత.
చెరువుకి చోటిచ్చి
డెస్ తనంతట తానే వేసిన వంపు,
ఎవర్నీ అడక్కుండా.

సోమవారం మ్యాపు తీసి
ఆ వంపు గీశాను.
గుంట ఊసు ఎత్తలేదు, అది ఆంటీ చెప్పాలి.
వంపు మాత్రం
పెన్సిలుతో.